దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ఎందుకు కూలింది: ఈ ప్రశ్నకి జవాబు కట్టే పద్ధతి

పర్లాకిమిడి జిరాక్స్ షాపుల్లో దొరికే ప్రపంచ చరిత్ర నోట్సుల్లో ఈ ప్రశ్నకి ఒకటే జవాబు ఉంటుంది. నెల్సన్ మండేలా త్యాగం, ఐక్యరాజ్యసమితి ఆంక్షలు, ప్రపంచ ప్రజాభిప్రాయం, డి క్లార్క్ దూరదృష్టి. కింద ఒక గీత, అయిపోయింది. రాసినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ‘ఎందుకు’ అని అడిగితే పేర్లు చెప్పి లేచి వచ్చేసినట్టుంటుంది. దిద్దేవాళ్ళకి అలాంటి పేపర్లు కట్టలు కట్టలుగా వస్తాయి.

మా మేడమీద గదిలో సాయంత్రాలు నేను సివిల్స్‌కీ, ఒడిశా సర్వీసులకీ చదివే పిల్లలకి చరిత్ర చెప్తుంటాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్ష ఇంగ్లీషులో. మూడు భాషల మధ్య నలిగే పిల్లలు బుల్లెట్ పాయింట్లు దొరికితే ప్రాణం లేచొచ్చినట్టు పట్టుకుంటారు. వాళ్ళని తప్పుపట్టను. ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం ఆ అలవాటు మాన్పించి ఇంకో దారి పట్టిస్తాను. అదే ఇక్కడ రాస్తున్నా.

‘ఎందుకు’ని ‘అప్పుడే ఎందుకు’ అని మార్చుకోండి. దక్షిణాఫ్రికా ప్రభుత్వం దిగివచ్చింది 1990 ఫిబ్రవరిలో. 1960లోనూ దానికి ఊపిరాడలేదు, 1976లోనూ ఆడలేదు. రెండుసార్లూ నిలదొక్కుకుంది. మూడోసారి ఎందుకు నిలదొక్కుకోలేకపోయిందో చెప్పగలిగితే జవాబు చేతిలో ఉన్నట్టే. మండేలా త్యాగం 1964లోనూ ఉంది కదా, అప్పుడెందుకు కూలలేదు అని మీకు మీరే అడ్డు ప్రశ్న వేసుకోవాలి.

ముందు, కూలింది ఏమిటో తెలియాలి

1948 ఎన్నికల్లో డి.ఎఫ్. మలాన్ నాయకత్వంలోని నేషనల్ పార్టీ గెలిచింది. ఓటు దాదాపుగా తెల్లవాళ్ళ సొత్తు. అప్పటికే ఉన్న వివక్షని ఆ పార్టీ ఒక పూర్తి ప్రభుత్వ యంత్రాంగంగా మార్చింది. చట్టాల జాబితా బట్టీ పట్టే పని పెట్టుకోకండి. 1950 నాటి జనాభా నమోదు చట్టం ఒక్కటి గట్టిగా అర్థం చేసుకుంటే చాలు. మనిషి ఏ జాతో సర్కారు కాగితం మీద రాసింది ఆ చట్టమే. ఎక్కడ ఇల్లు కట్టుకోవాలి, ఎవర్ని పెళ్ళాడాలి, ఏ బడికి వెళ్ళాలి, పార్కులో ఏ బెంచీ మీద కూర్చోవాలి, అన్నీ ఆ కాగితం మీదే ఆధారపడేవి. అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ గుచ్చి చూసేవాళ్ళు. జారి కిందపడితే ఒక జాతి, జుట్టులో నిలిచిపోతే ఇంకో జాతి. ఒకే ఇంట్లో అన్నదమ్ములు వేర్వేరు జాతుల కింద నమోదైన సందర్భాలు కూడా ఉన్నాయి.

రెండోది భూమి. 1913 చట్టం నల్లజాతివాళ్ళకి దేశంలో సుమారు 7 శాతం భూమి వదిలింది, 1936లో దాన్ని 13 శాతం దాకా పెంచారు. జనాభాలో అత్యధికులు వాళ్ళే. ఆ ముక్కలనే తర్వాత పది ‘స్వదేశాలు’గా చీల్చి, మీ పౌరసత్వం అక్కడిది, ఇక్కడికి మీరు పని కోసం వచ్చినవాళ్ళు మాత్రమే అన్నారు. 1976లో ట్రాన్స్‌కైకి ‘స్వాతంత్ర్యం’ ఇచ్చారు. దక్షిణాఫ్రికా తప్ప బయట ఏ దేశమూ దాన్ని గుర్తించలేదు.

మూడోది పాస్ పుస్తకం. 16 ఏళ్ళు దాటిన నల్లజాతి మనిషి అది జేబులో లేకుండా వీధిలోకి రాకూడదు. పట్నంలో 72 గంటలకి మించి ఉండాలంటే అక్కడే పుట్టి ఉండాలి, లేదా ఒకే యజమాని దగ్గర పదేళ్ళు పనిచేసి ఉండాలి, లేదా పర్మిట్ ఉండాలి. లేకపోతే అరెస్టు. ఏటా లక్షలమందిని ఇలాగే పట్టుకునేవాళ్ళు.

ఇక్కడ మా పిల్లలకి నేను సూరత్ గుర్తుచేస్తాను. గంజాం, గజపతి జిల్లాల్లో సూరత్ మరమగ్గాల మీద పనిచేసే మనిషి లేని వీధి ఉండదు. పగటి షిఫ్టువాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. పని అక్కడ, పెళ్ళాం బిడ్డలు ఇక్కడ, ఓటు ఇక్కడ. ఇది చెప్పగానే జొహానెస్‌బర్గ్ గని హాస్టలు వాళ్ళ కళ్ళకి కడుతుంది. వెంటనే ఎవరో ఒకరు అంటారు: “అంటే మనదీ అలాంటిదే కదా అక్కా?” కాదు. సూరత్‌లో ఇల్లు కొనుక్కోకూడదని చట్టం లేదు, కొడుకుని అక్కడ బడిలో వెయ్యకూడదని లేదు, ఒళ్ళు చూసి పోలీసు కాగితం అడగడు. పేదరికం పంపిన వలస వేరు, చట్టమే కట్టిపడేసిన వలస వేరు. పోలిక పెట్టేవాళ్ళు తేడా కూడా రాయాలి, లేకపోతే ఉన్న మార్కులు కూడా పోతాయి.

రాసేముందు ఇదంతా ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుగులో చెప్పి చూడమంటాను. మా దగ్గర చదివే ఒక అమ్మాయి వాళ్ళ మామ్మకి చెప్పింది. నల్లవాళ్ళందర్నీ ఊరవతల పెట్టడం ప్రభుత్వం ఆశయం అనగానే ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే అడిగిందట: “మరి ఆ తెల్లోళ్ళకి కూడెవులు వండుతారే?”

ఆ ప్రశ్నే ఈ జవాబుకి వెన్నెముక. గనిలో దిగేది, ఫ్యాక్టరీలో మెషిన్ తిప్పేది, ఇంట్లో పిల్లల్ని ఎత్తుకునేది నల్లజాతివాళ్ళు. వాళ్ళు లేకుండా ఒక్కరోజు గడవదు, వాళ్ళని పట్నంలో మనుషులుగా ఉండనివ్వకూడదు. ఫ్యాక్టరీలు పెరిగేకొద్దీ ఈ రెండు కోరికలూ ఒకదాన్నొకటి తినేశాయి. గని తవ్వకానికి ఏడాదికో కొత్త కూలీని దింపినా నడుస్తుంది. కార్ల ఫ్యాక్టరీకి పని నేర్చుకుని, అక్కడే పదేళ్ళు నిలిచే మనిషి కావాలి. అలాంటి పనులకి తెల్లవాళ్ళు సరిపోలేదు. 1950 ప్రాంతంలో జనాభాలో వాళ్ళు అయిదోవంతు. 1990 నాటికి ఎనిమిదోవంతుకి దగ్గరపడ్డారు. ఉద్యోగాలకి, పోలీసుకి, సైన్యానికి, ఆఫీసులకి అన్నిటికీ వాళ్ళే కావాలంటే ఎక్కణ్ణుంచి వస్తారు?

ఒక తెల్లకాగితం, నాలుగు గళ్ళు

ఇప్పుడు కాగితం అడ్డంగా పెట్టి నాలుగు నిలువు గళ్ళు గియ్యండి. పైన వీధి, ఫ్యాక్టరీ, బ్యాంకు, సరిహద్దు అని రాయండి. ఎడమపక్క వరసగా 1960, 1976, 1985, 1989. ప్రతి ఏడాది దగ్గర ఆగి, ఏ గడిలో ప్రభుత్వానికి చిక్కు వచ్చింది, ఏ గడిలో ఊరట దొరికింది అని రాసుకుంటూ పోవాలి.

1960 మార్చి 21, షార్ప్‌విల్. పాస్ పుస్తకాలు వద్దని పోలీస్ స్టేషన్ ముందు గుమిగూడిన జనం మీద కాల్పులు, 69 మంది చనిపోయారు. చాలామందికి గుండ్లు వీపులో తగిలాయి, అంటే పరిగెడుతున్నవాళ్ళని కాల్చారు. ఎమర్జెన్సీ పెట్టి, ఏప్రిల్‌లో నల్లజాతివాళ్ళ రెండు పెద్ద పార్టీలనీ, అంటే మండేలా ఉన్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌నీ, పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్‌నీ నిషేధించారు. వీధి గడిలో చిక్కు ఉంది. బ్యాంకు గడిలో కూడా ఉంది, విదేశీ పెట్టుబడి భయపడి పారిపోయింది. కానీ డబ్బు బయటికి పోకుండా ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది, నాయకులు జైలుకెళ్ళారు, కొన్నాళ్ళకి పెట్టుబడి తిరిగొచ్చింది. 1960 దశకం దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళకి స్వర్ణయుగం. ఫ్యాక్టరీ గడి ఖాళీ, నల్లజాతి కార్మికులకి చెప్పుకోదగ్గ సంఘబలం లేదు. సరిహద్దు గడిలో అయితే నిశ్చింత: అంగోలా, మొజాంబిక్ పోర్చుగల్ చేతిలో, రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) తెల్లవాళ్ళ చేతిలో, ఇప్పటి నమీబియా తమ చేతిలోనే. రివోనియా కుట్ర కేసులో మండేలాకి 1964 జూన్‌లో యావజ్జీవం పడ్డప్పుడు ప్రభుత్వానికి ఏ మాత్రం టెన్షన్ లేకపోవడానికి కారణం ఇదే.

1976కి వచ్చేముందు మూడేళ్ళు వెనక్కి వెళ్ళండి. నోట్సుల్లో దాదాపు ఎక్కడా కనపడని సంఘటన ఒకటి ఉంది, నాకు మాత్రం అదే ముఖ్యం. 1973 జనవరిలో డర్బన్‌లో ఒక ఇటుకల ఫ్యాక్టరీ కార్మికులు పని ఆపేశారు. జీతం పెంచమన్నారు. నల్లజాతివాళ్ళకి సమ్మె చెయ్యడమే నేరం. అయినా అక్కణ్ణుంచి బట్టల మిల్లులకీ, మునిసిపాలిటీకీ పాకి, వేలకి వేలమంది పని మానేశారు. నాయకులెవరో కనపడకుండా జాగ్రత్తపడ్డారు, కనపడితే ఉద్యోగం ఊడుతుందని. ప్రభుత్వం ఎవర్ని అరెస్టు చెయ్యాలో తెలియక తికమకపడింది. చివరికి చాలా యాజమాన్యాలు ఎంతోకొంత జీతం పెంచాయి. ఫ్యాక్టరీ గడిలో మొదటిసారి ఒక మాట రాస్తాం.

1976 జూన్ 16న జొహానెస్‌బర్గ్ పక్కన నల్లజాతివాళ్ళుండే సొవేటోలో బడిపిల్లలు రోడ్డెక్కారు. లెక్కలు, సోషలూ తెల్ల పాలకుల ఆఫ్రికాన్స్ భాషలో నేర్చుకోవాలన్న ఆర్డరు మీద కోపం. (మూడు భాషల మధ్య చదివే మా పిల్లలకి ఈ భాగం విడమరిచి చెప్పక్కర్లేదు.) నెలల తరబడి దేశమంతా అల్లర్లు, వందలమంది చనిపోయారు. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో నల్లజాతి ఉద్యమ నాయకుడు స్టీవ్ బీకో పోలీసు కస్టడీలో చనిపోయాడు, నవంబర్‌లో భద్రతా మండలి ఆయుధాల అమ్మకం మీద తప్పనిసరి నిషేధం పెట్టింది. సరిహద్దు గడి కూడా మారిపోయింది. 1974లో పోర్చుగల్‌లో నియంతృత్వం పడిపోయి, 1975లో అంగోలా, మొజాంబిక్ స్వతంత్ర దేశాలయ్యాయి. ఇన్ని జరిగినా ఎలా నిలిచారు? బ్యాంకు గడి చూడండి. బంగారం ధర ఎగబాకి 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లు తాకింది. అప్పట్లో ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బంగారం తవ్విన దేశానికి ఇంతకంటే ఊరట ఏముంటుంది.

ఆ ఊరటలో ప్రధాని పి.డబ్ల్యు. బోథా మరమ్మతులు మొదలుపెట్టాడు. 1979 తర్వాత నల్లజాతి కార్మిక సంఘాలకి చట్టబద్ధత వచ్చింది. సంఘాలకి గుర్తింపు ఇస్తే అదుపులో ఉంటాయనుకున్నారు, అవి బలపడ్డాయి. 1983లో కొత్త రాజ్యాంగం: తెల్లవాళ్ళకో సభ, మిశ్రజాతివాళ్ళకో సభ, ఇండియన్లకో సభ. నల్లజాతివాళ్ళకి ఏమీ లేదు.

ఇండియన్ల సభ దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను, మన కథ అక్కడ కలుస్తుంది కాబట్టి. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మంది ఒప్పంద కూలీలతో డర్బన్ చేరింది. 1911 దాకా అలా ఓడలు వెళ్తూనే ఉన్నాయి, చెరకు తోటల పనికి. తెలుగువాళ్ళు చాలామంది విశాఖపట్నం జిల్లా నుంచి వెళ్ళారు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో మన గుణుపురం, రాయగడ కూడా ఉండేవి. వాళ్ళ మనవలే తర్వాత ఏ జాతి ఎక్కడ ఉండాలో చెప్పే గ్రూప్ ఏరియాస్ చట్టం కింద డర్బన్‌లోని కేటో మేనర్ లాంటి చోట్ల ఇళ్ళు వదిలి చాట్స్‌వర్త్‌కి పోవలసివచ్చింది. ఆంధ్ర మహాసభ పెట్టుకుని (1931) తెలుగు నేర్చుకున్న ఆ జనానికి 1984లో ప్రభుత్వం ‘ఇదిగో మీకో సభ’ అని ఆశ చూపింది. నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ వద్దని ప్రచారం చేసింది. ఓటర్ల జాబితాలో ఉన్న ఇండియన్లలో సుమారు అయిదోవంతు మందే ఓటేశారు. చీల్చి పాలిద్దామన్న ఎత్తు ఎలా తిరగబడిందో చూపడానికి జవాబులో ఈ ఒక్క ఉదాహరణ రాయండి, చాలు. ఆ రాజ్యాంగాన్ని ఎదిరించడానికే 1983 ఆగస్టులో యునైటెడ్ డెమొక్రాటిక్ ఫ్రంట్ పుట్టింది. చర్చి సంఘాలు, విద్యార్థులు, కాలనీ కమిటీలు, మహిళా సంఘాలు, వందల సంస్థలు దాని కిందికి వచ్చాయి.

1985 అసలు ఏడాది. ఇక్కడ పెన్ను ఆపి నిదానంగా నింపండి. వీధి గడిలో: 1984 సెప్టెంబర్‌లో వాల్ ప్రాంతంలో ఇంటద్దెల పెంపు మీద మొదలైన తిరుగుబాటు ఆగలేదు. తెల్లవాళ్ళ షాపుల్లో కొనడం మానేశారు, పోర్ట్ ఎలిజబెత్‌లో వ్యాపారులు బేరాల్లేక బెంబేలెత్తారు. జులైలో ఎమర్జెన్సీ. ఫ్యాక్టరీ గడిలో: డిసెంబర్‌లో కొసాటు అనే కార్మిక సమాఖ్య. బ్యాంకు గడిలో పిడుగు. జులై ఆఖర్లో అమెరికాకి చెందిన చేజ్ మన్‌హాటన్ బ్యాంకు, గడువు తీరిన అప్పులు ఇక తిరగరాయం, కట్టెయ్యండి అంది. మిగతా బ్యాంకులు అదే దారి పట్టాయి. ఆగస్టు 15న డర్బన్‌లో బోథా పెద్ద సంస్కరణలు ప్రకటిస్తాడని ప్రపంచమంతా టీవీల ముందు కూర్చుంది. ఆయన వేలు చూపించి, బయటివాళ్ళు చెప్తే వినేది లేదన్నాడు. దక్షిణాఫ్రికా కరెన్సీ రాండ్ విలువ కుప్పకూలింది. షేర్ మార్కెట్ మూసేశారు. సెప్టెంబర్ 1 నుంచి అసలు చెల్లింపులు ఆపేస్తున్నామని ప్రకటించారు. మొత్తం విదేశీ అప్పు అప్పటికి సుమారు 2,400 కోట్ల డాలర్లు.

పిల్లలు అడుగుతారు, బ్యాంకులకి అంత నీతి ఎక్కణ్ణుంచి వచ్చింది అని. నీతి కాదు. ఒకవైపు అక్కడి వీధుల్లో రోజూ మంటలు, ఇంకోవైపు న్యూయార్క్‌లో ఖాతాదారులు, యూనివర్సిటీలు, చర్చిలు ‘మా డబ్బు తీసేసుకుంటాం’ అనడం. రెండూ కలిసి అప్పు రిస్కుగా మారింది. అంటే వీధి గడి బ్యాంకు గడిని కదిలించింది. జవాబులో ఈ బాణం గీసి చూపినవాడికే మార్కులు. ఆ సెప్టెంబర్‌లోనే పెద్ద గనుల కంపెనీ ఆంగ్లో అమెరికన్ చైర్మన్ గావిన్ రెలీ, మరికొందరు వ్యాపారులు జాంబియా వెళ్ళి, నిషేధంలో ఉన్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ నాయకులతో మాట్లాడారు. ప్రభుత్వం కంటే ముందు పెట్టుబడిదారులు చర్చలకి వెళ్ళారన్నమాట. 1986లో అమెరికా కాంగ్రెస్, అధ్యక్షుడు రీగన్ వీటోని తోసిరాజని ఆంక్షల చట్టం తెచ్చింది. అదే ఏడాది ప్రభుత్వం పాస్ చట్టాలని తనంతట తాను ఎత్తేసింది. దయ పుట్టి కాదు, పట్నాలకి వచ్చే జనాన్ని ఆపడం వాళ్ళ వల్ల కాలేదు. మామ్మ అడిగిన ప్రశ్నకి ప్రభుత్వం ఒప్పుకోలు అది.

మరి 1986లోనే ఎందుకు కూలలేదు? సైన్యం, పోలీసు చెక్కుచెదరలేదు. జూన్‌లో దేశమంతా ఎమర్జెన్సీ పెట్టి వేలమందిని లోపలేశారు. పైగా, మేం పోతే కమ్యూనిస్టులు వస్తారు, సోవియట్లు వస్తారు అని పశ్చిమ దేశాల్ని భయపెట్టగలిగారు. సరిహద్దు గడి ఇంకా మూసుకోలేదు. అంగోలాలో క్యూబా సైన్యంతో 1987-88లో కుయిటో కువనవాలే దగ్గర జరిగిన యుద్ధం ఆ గడిని తేల్చింది. గెలిచామని రెండు పక్షాలూ చెప్పుకుంటాయి, దాని మీద మీరు తీర్పు ఇవ్వక్కర్లేదు. ఖర్చు పెరిగింది, రెండేళ్ళ నిర్బంధ సైనిక సేవలో తెల్ల కుర్రాళ్ళు చనిపోతున్నారు. 1988 డిసెంబర్ ఒప్పందంతో క్యూబా వెనక్కి, నమీబియాకి స్వాతంత్ర్యం. 1989 నవంబర్‌లో బెర్లిన్ గోడ పడింది. ప్రభుత్వానికి ఉన్న ఆఖరి సాకు పోయింది. సోవియట్ సాయం తగ్గుతున్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కి కూడా తుపాకీతో గెలవలేమని అర్థమైంది. అప్పటికి బోథాకి పక్షవాతం వచ్చి, ఆయన స్థానంలో అధ్యక్షుడిగా ఎఫ్.డబ్ల్యు. డి క్లార్క్ వచ్చాడు. ఇంకా పదేళ్ళు లాగవచ్చు, కానీ లాగేకొద్దీ బేరం ఆడే బలం తగ్గుతుందని లెక్క వేసుకున్నాడు. 1990 ఫిబ్రవరి 2న నిషేధాలు ఎత్తేశాడు. తొమ్మిదిరోజుల తర్వాత మండేలా బయటికొచ్చాడు.

కాగితం నిండింది. నాలుగు గళ్ళూ ఒకేసారి చిక్కులో పడ్డది 1989లోనే. అంతకుముందు ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఊరట దొరికింది.

ఆంక్షలకి ఎంత మార్కు వెయ్యాలి

ఆంక్షలే కూల్చాయని రాసేవాళ్ళూ ఉంటారు, ఆంక్షలు పనిచెయ్యలేదని రాసేవాళ్ళూ ఉంటారు. రెండూ తొందరపాటే. వ్యాపార ఆంక్షలకి చిల్లులు చాలా. నూనె రాకపోతే బొగ్గు నుంచి నూనె తీసుకున్నారు, భద్రతా మండలిలో గట్టి తీర్మానాలకి అమెరికా, బ్రిటన్ అడ్డుపడేవి. దెబ్బ తగిలింది అప్పు దగ్గర. కాబట్టి ‘ఆంక్షలు’ అని ఒక్క పదం రాయకుండా ఏ ఆంక్ష, ఎప్పుడు, ఎవరి చేతిలో అని విడగొట్టండి.

మన దేశం పాత్రకి రెండు వాక్యాలు కేటాయించండి, అంతకంటే ఎక్కువ వద్దు. 1946లో, మనకింకా స్వాతంత్ర్యం రాకముందే, దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకున్న మొదటి దేశం మనది. అక్కడి ఇండియన్ల మీద వివక్షని అదే ఏడాది ఐక్యరాజ్యసమితిలో పెట్టింది మనమే. 1974లో టెన్నిస్ డేవిస్ కప్ ఫైనల్ దక్షిణాఫ్రికాతో ఆడబోమని కప్పే వదులుకున్నాం. అమృతరాజ్ సోదరుల జట్టుకి అంత మంచి అవకాశం అంతకుముందు ఎప్పుడూ రాలేదు. మూడో వాక్యం రాసే చోటు ఉంటే నెల్లూరు జిల్లాలో 1924లో పుట్టిన ఏనుగ శ్రీనివాసులు రెడ్డి పేరు రాయండి. 1963 నుంచి ఐక్యరాజ్యసమితిలో వర్ణవివక్ష వ్యతిరేక ప్రత్యేక సంఘానికి కార్యదర్శి, తర్వాత దాని కోసం పెట్టిన కేంద్రానికి అధిపతి. రివోనియా కేసు నడుస్తుండగా 1963 అక్టోబర్‌లో రాజకీయ ఖైదీల్ని వదలమని జనరల్ అసెంబ్లీ చేసిన తీర్మానానికి 106 ఓట్లు అనుకూలం, ఒక్కటే వ్యతిరేకం. ఆ ఒక్కటీ దక్షిణాఫ్రికాదే. మన తెలుగు పిల్లలకి ఈ మనిషి పేరు తెలియకపోవడం నాకు నచ్చదు. అందుకే ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను, పరీక్షలో వచ్చినా రాకపోయినా.

మండేలాని ఎక్కడ పెట్టాలి

‘ఎందుకు ముగిసింది’లో కాదు, ‘ఎలా ముగిసింది’లో. ప్రభుత్వం బేరానికి రావడానికి నాలుగు గళ్ళు చాలు. ఆ బేరం అంతర్యుద్ధంగా మారకుండా ఓటు పెట్టె దాకా వెళ్ళడానికి మనుషులు కావాలి. 1985లో హింసని విడనాడితే వదిలేస్తానని బోథా అంటే మండేలా ఒప్పుకోలేదు. ఆ తర్వాత జైల్లో ఉంటూనే మంత్రితో మాటలు మొదలుపెట్టాడు. ఈ రెండూ ఒకే మనిషి చేశాడని పిల్లలకి నమ్మశక్యం కాదు. 1990-94 మధ్య వేలమంది రాజకీయ హింసలో చనిపోయారు. 1993 ఏప్రిల్‌లో కమ్యూనిస్టు పార్టీ నాయకుడు క్రిస్ హానీని చంపినప్పుడు దేశం తగలబడిపోయేదే. అప్పుడు టీవీలో జనాన్ని నిలువరించింది అధ్యక్షుడు కాదు, మండేలా.

డి క్లార్క్ గురించి రాసేటప్పుడు 1992 మార్చి 17 నాటి తెల్లవాళ్ళ రిఫరెండం మర్చిపోకండి. చర్చలు సాగించండి అని 68.7 శాతం మంది ఓటేశారు. అదే సమయంలో దక్షిణాఫ్రికా మొదటిసారి క్రికెట్ ప్రపంచ కప్ ఆడుతోంది. రిఫరెండం ఓడిపోతే మళ్ళీ వెలి తప్పదని అందరికీ తెలుసు. గెలిచిన అయిదు రోజులకే సిడ్నీ సెమీఫైనల్లో వాన పడి, ఒక్క బంతికి 21 పరుగులు కొట్టమన్నారు (స్కోర్‌బోర్డు మీద 22 అని పడింది). ఆ మ్యాచ్ గుర్తున్న నాన్నలు ఇంటికొకరుంటారు, రిఫరెండం మాత్రం వాళ్ళకి మా పిల్లలే చెప్పాలి.

ఇక రాయడం

15 మార్కుల ప్రశ్నకి 250 పదాలు. పైన చెప్పిందంతా పట్టదు, పట్టించొద్దు. చట్టాలకి రెండు వాక్యాలు మించకండి. మొదటి వాక్యంలోనే మీ వాదన చెప్పెయ్యండి. మా పిల్లలకి నేను ఇచ్చే మచ్చు ఇది: “1960లోనూ 1976లోనూ తిరుగుబాట్లని తట్టుకున్న వర్ణవివక్ష ప్రభుత్వం 1990లో చర్చలకి దిగింది. నల్లజాతి శ్రమ లేకుండా నడవలేని ఆర్థిక వ్యవస్థ, ఆ శ్రమని వెలివేసే చట్టం ఇక కలిసి సాగలేని స్థితికి వచ్చాయి. దేశంలోపలి ప్రతిఘటన, విదేశీ అప్పు, ప్రచ్ఛన్నయుద్ధం ముగియడం ఒకే కాలంలో కలవడం దానికి తోడైంది.” దీన్ని మక్కీకి మక్కీ రాయకండి, పక్క బెంచీవాడూ ఇదే చదివాడు.

తర్వాత 1960 ఒక పేరా, 1976 చిన్న పేరా, 1985 పెద్ద పేరా, 1989 ఒక పేరా. కారణం చెప్పిన ప్రతిచోటా అది ఇంకో కారణాన్ని ఎలా కదిలించిందో ఒక మాట ఉండాలి. ఆఖర్లో 1991లో జనాభా నమోదు చట్టం రద్దు, 1994 ఏప్రిల్ ఎన్నికలు, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కి 62.65 శాతం ఓట్లు, మే 10న మండేలా ప్రమాణస్వీకారం. ‘చివరికి న్యాయమే గెలిచింది’ లాంటి వాక్యం రాయాలనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి. ఓటు వచ్చింది గానీ భూమి, సంపద చాలావరకు ఎక్కడివి అక్కడే ఉండిపోయాయి. ఏది ముగిసింది, ఏది ముగియలేదు అని ఒక్క వాక్యం రాస్తే ఆ చోటు సరిగ్గా వాడుకున్నట్టు.

పద్ధతి వంటబట్టిందో లేదో చూసుకోవాలంటే ఇదే కాగితం రొడీషియాకి గియ్యండి. 1965 నవంబర్‌లో అక్కడి తెల్లవాళ్ళు బ్రిటన్‌ని కాదని స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఐక్యరాజ్యసమితి తప్పనిసరి ఆంక్షలు పెట్టింది. అయినా జింబాబ్వే రావడానికి 1980 ఏప్రిల్ దాకా పట్టింది. 1975కి ముందు ఏ గడిలో ఊరట దొరికింది, తర్వాత ఏ గడి మూసుకుపోయింది? పైన మొజాంబిక్ గురించి చదివింది గుర్తుంటే సగం జవాబు మీ దగ్గరే ఉంది.